కోటు వెనక చేతులు

ఇంగ్లీషులో నేను రెండుసార్లు తప్పాను. మొదటిసారి పరీక్షనాడు జ్వరం వచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. రెండోసారి చెప్పుకోవడానికి జ్వరం కూడా రాలేదు. లెక్కలు, చరిత్ర, ఉర్దూ, తెలుగు అన్నీ గట్టెక్కాయి. ఇంగ్లీషు ఒక్కటే గడపకు కాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పంతొమ్మిది వందల నలభై నాలుగు అది. నాకు ఇరవై ఏళ్ళు. అమీర్‌పేటలో మిషను వాళ్ళ చిన్న బడిలో ఒకటో తరగతికి నేను టీచరుని, అదీ టెంపరరీగా. ముప్పై రెండు మంది పిల్లలు. వాళ్ళలో సగం మందికి ముక్కులు తుడవడం, మిగతా సగం మందికి అక్షరాలు దిద్దించడం నా పని. నా కోపం సంగతి పేటంతా తెలుసు గాని, ఆ పిల్లల ముందు మాత్రం అది ఎక్కడికి పోయేదో పోయేది. జనవరిలో పెద్ద పంతులమ్మ నన్ను పిలిచి, "తబితా, జూన్‌లో బడి తెరిచేనాటికి హైస్కూలు పరీక్ష పాసైతే ఈ ఉద్యోగం నీకే పర్మనెంటు. లేకపోతే పాసైన పిల్ల ఒకతె సిద్ధంగా ఉంది, ఇంక నేను ఆపలేను" అని చెప్పింది. ఆవిడను తప్పుపట్టడానికి లేదు. రెండేళ్ళుగా నాకోసం ఆపుతూనే ఉంది.

వ్యాకరణం నాకు రాక కాదు. నామవాచకం అంటే ఏమిటి, సర్వనామం అంటే ఏమిటి అని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. చిక్కంతా పెద్ద వాక్యాలతోనే. నాలుగు పంక్తుల వాక్యం ఒకటి ఇచ్చి, దీన్ని భాగాలుగా విడదీయి, తర్వాత తెలుగులో రాయి అంటారు. మొదటి పంక్తిలో ఎవరు బయలుదేరారో మూడో పంక్తికి వచ్చేసరికి నాకు గుర్తుండేది కాదు. నాలుగో పంక్తిలో ఎవరెవరినో కలిపి ఏదో ఒకటి రాసి వచ్చేదాన్ని.

ఇంట్లో ఇంగ్లీషు లేదా అంటే ఉంది. మా తాత చిన్నప్ప పేరు పంజాగుట్ట చర్చిలో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు మిషను దొర ప్రసంగానికి తెలుగు చెప్పినవాడు. దొర ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగేవాడు. పక్కన నల్లకోటు వేసుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడిన తాత దాన్ని తెలుగులో చెప్పేవాడు. ఒక్క మాట కలపడు, ఒక్క మాట తీయడు, అది ఆయన నియమం. దొర దగ్గితే తాతా దగ్గుతాడని మేం ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళం.

ఇంటి గడప దాటనివ్వని సంగతి ఇంకొకటుంది. తాతకు చదవడం రాదు. ఇంగ్లీషే కాదు, తెలుగు అక్షరం కూడా రాదు. ఆయన తండ్రి మిషను బంగళాలో గుర్రాలకు మాలీసు చేసేవాడట. ఆ బంగళా వసారాలో ఆడుకుంటూ పెరిగిన తాతకు దొరల మాట చెవిన పడి వచ్చేసింది, బడి మొహం మాత్రం చూడలేదు. ప్రసంగం రోజున బైబిలు తెరిచి పట్టుకునేవాడు గాని, ఆయన కళ్ళు ఉండేది దొర నోటి మీద. వచనాలన్నీ కంఠస్థం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. జనం ఆయన్ను పెద్ద ఇంగ్లీషు పండితుడనుకునేవారు.

యుద్ధం ముదిరాక దొర స్వదేశం వెళ్ళిపోయాడు. శాంతిరాజు పాస్టరుగారు వచ్చారు. ఆయన తెలుగాయన, ప్రసంగం తెలుగులోనే చెబుతారు, మధ్యలో ఇంకొకరు ఎందుకు? మూడేళ్ళుగా తాత ముందు బెంచీ చివర కూర్చుంటున్నాడు. ప్రతి ఆదివారం ఆ నల్లకోటు మాత్రం వదలడు. ప్రసంగం మొదలు కాగానే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళేవి. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

అయినా ఇంగ్లీషు కోసం ఆయన్ను అడగాలని నాకు ఏనాడూ తోచలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, చదవడం రాని మనిషి నాకు చదువు చెప్పడమేమిటని నా అహంకారం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఒకే వాక్యాన్ని ఏడుసార్లు చదివి, పుస్తకాన్ని వాకిట్లోకి విసిరికొట్టాను. తాత వెళ్ళి దాన్ని ఏరుకొచ్చి, దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టాడు.

"పుస్తకం ఏం జేసిందే నిన్ను?"

"నీకు చెప్పినా సమజ్ గాదు తాతా."

"చెప్పకు. సదువు. జర గట్టిగ సదువు, నేను ఇంట."

"నీకు సదువుడే రాదు. నువ్వు నాకేం చెప్తవ్?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. తాత మొహం చిన్నబోయింది గాని మాట మారలేదు. "సదువుడు రాదు. ఇనుడు వచ్చు. సదువు" అన్నాడు.

చదివాను. తుఫానులో ఇల్లు కూలిపోయిన తోటమాలి ఒకడు, యజమాని తనకిచ్చిన విత్తనాలను మర్నాడు ఏటి ఒడ్డున నాటాడన్నది ఆ వాక్యం. ఇంగ్లీషులో మాలికీ నాటడానికీ మధ్య ఆ తుఫాను, ఆ ఇల్లు అడ్డంగా పడి ఉన్నాయి. నేను పూర్తి చేసి ఊపిరి తీసుకునేలోపల తాత తెలుగులో మొత్తం అప్పజెప్పాడు. పుస్తకం చివర జవాబులు తిప్పి చూశాను. మాట పొల్లు పోలేదు. చెప్పినంతసేపూ ఆయన చేతులు వీపు వెనకే కదులుతున్నాయి.

"మల్ల చెప్పు. నీ చేతులు ఎనక ఏం జేస్తున్నయ్?" అన్నాను.

తాత వీధి వైపు చూశాడు. ఎవరూ లేరని నిశ్చయించుకున్నాక కుడిచేయి ముందుకు తెచ్చాడు.

"బొటన వేలు, ఎవరు. చూపుడు వేలు, ఏం జేసిండు. నడిమి వేలు, దేన్ని. ఉంగరం వేలు, ఏడ. చిటికెన వేలు, ఎప్పుడు. దొర మాట్లాడుతుంటే ఏ మాట ఏ వేలుదో గా వేలు ముడుసుకుంట పోత. ఐదు ముడిసిననుకో, వాక్యం పిడికిట్ల ఉన్నట్టే."

"మరి నడుమ దూరేటియి? ఇల్లు కూలిందని, విత్తనాలు ఇచ్చిండని?"

"గవి చుట్టాలు. ఇంట్లోల్లు గాదు. చుట్టం ఎవరి కోసం వచ్చిండో గా వేలిని ఎడమ చేత్తోని పట్టుకోవాలె. కూలిన ఇల్లు ఎవరిది? మాలిది. బొటన వేలు పట్టు. యజమాని ఇచ్చింది ఏంది? విత్తనాలు. నడిమి వేలు పట్టు. నువ్వేం జేస్తున్నవంటే, చుట్టాలకు మర్యాదలు జేసుకుంట ఇంటాయన్నే మర్చిపోతున్నవ్."

నాకు నవ్వొచ్చింది. నాలుగేళ్ళ చదువులో నా జబ్బు పేరు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

"తెలుగుల చెప్పేటప్పుడు అన్ని వేళ్ళు తెరుసుకుంట రా, చూపుడు వేలు మాత్రం ఆఖర్న తెరువు. ఏం జేసిండనేది దొరలు ముంగట్నే చెప్పేస్తరు. మనం ఆఖరిదాంక దాస్తం."

ఆ మర్నాటి నుంచి మా ఇద్దరికీ బడి మొదలైంది. కిరసనాయిలు రేషను రోజులు, దీపం పెట్టుకుని చదివే భాగ్యం లేదు. తెల్లవారుతూనే పంజాగుట్ట దారిలో ఉన్న ఒక పెద్ద బండ ఎక్కి కూర్చునేవాళ్ళం. నేను పుస్తకంలోంచి చదవడం, ఇద్దరం వేళ్ళు ముడవడం. బేగంపేట వైపు నుంచి విమానం లేచి చెవులు హోరెత్తిస్తే, వాక్యాన్ని పిడికిట్లోనే పట్టుకుని అది పోయేదాకా ఆగేవాళ్ళం. అది పోయాక వేళ్ళు తెరిచి చూస్తే వాక్యం అక్కడే ఉండేది. అంతకుముందైతే విమానం అక్కర్లేదు, ఈగ వాలినా నా వాక్యం ఎగిరిపోయేది.

మా పక్కింటి మంగవ్వ ఎర్రమంజిల్ వైపు పాలు పోయడానికి రోజూ ఆ దారినే వెళ్ళేది. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు కుండ దించి నిలబడింది.

"ఏం చిన్నప్పా, పొద్దుగాల పొద్దుగాల తాత మనవరాలు ఎవరి మీద మంత్రం ఏస్తున్రు?"

"మంత్రం గాదు మంగవ్వా, ఇంగ్లీషు" అన్నాను.

"ఇంగ్లీషు నోటితోని గాదా మాట్లాడేది?" అని బుగ్గ నొక్కుకుంటూ పోయింది. తాత మాత్రం నవ్వలేదు. చటుక్కున చేతులు వీపు వెనక్కి లాగేసుకున్నాడు. ఎందుకంత దాపరికమని అడిగితే, ఆవిడ కనుమరుగయ్యాక చెప్పాడు.

తెలుగు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో దొర ఒకనాడు బైబిల్లో పౌలు ఎక్కిన ఓడ బద్దలైన కథ ఎత్తుకుని, ఊపిరి తీయకుండా మూరెడు వాక్యం చెప్పాడట. అది ముగిసేసరికి తాతకు మొదలు గుర్తులేదు. జనం తన నోటి వంక చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక, "దొరగారు చాలా గొప్ప సంగతి సెలవిస్తున్నారు" అనేశాడు. జనమంతా ఆమెన్ అన్నారు.

"గా ఆమెన్ నాకు ఈపు మీద దెబ్బ లెక్క తాకింది బిడ్డా. దొర అనని మాట నేను కలిపిన. గా రాత్రి కూసోని గీ వేళ్ళ లెక్క కనిపెట్టిన. కని అందరు నన్ను సదువుకున్నోడనుకుంటున్నరు. చిన్నపోరని లెక్క వేళ్ళు ముడుస్తడని తెలిస్తే నవ్వుతరు. నువ్వు సుత చేతులు దాసుకో. ఎవరికి చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. ఇవ్వడానికేం, మాట తేలిగ్గానే వస్తుంది.

ఏప్రిల్ మొదట్లో పరీక్ష. ఇంగ్లీషు రెండో పేపరు నాడు తాత నల్లకోటు వేసుకుని ఖైరతాబాదు దాకా నాతో నడిచి వచ్చి బస్సెక్కించాడు. నువ్వు తిరిగొచ్చేదాకా ఈ చెట్టు కిందే ఉంటానన్నాడు. పట్నంలో ఒక బాలికల బడిలో పరీక్ష. మా హాలుకు కాపలా ఎవరని చూస్తే దేవమణి టీచరుగారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది, మా చర్చికే వస్తారు. తాత కనిపిస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టే మనిషి. నన్ను చూసి కళ్ళతోనే ధైర్యం చెప్పింది.

మొదటి రెండు ప్రశ్నలూ నల్లేరు మీద బండిలా నడిచాయి. మూడోది అసలు గండం. ఆరు పంక్తుల వాక్యం. భాగాలు విడదీయమన్నాడు, తెలుగు చేయమన్నాడు. కలం పక్కన పెట్టి బల్ల కింద వేళ్ళు ముడవడం మొదలుపెట్టాను. ఇంటాయన దొరికాడు. ఆయనకో చుట్టం. ఆ చుట్టానికి మళ్ళీ ఇంకో చుట్టం. నడిమి వేలికి ఇద్దరు. ఎడమచేయి చాలడం లేదు. ఆ కుస్తీలో నా చేతులు బల్ల మీదికి ఎప్పుడు వచ్చాయో నాకే తెలియదు. తల ఎత్తేసరికి, పక్క వరసలో కూర్చున్న స్వరాజ్యం అనే అమ్మాయి రాయడం మానేసి, నోరు తెరుచుకుని నా వేళ్ళనే చూస్తోంది. దేవమణిగారు మా ఇద్దరినీ చూస్తున్నారు.

"ఏంటా సైగలు?" ఆవిడ గొంతు హాలంతా వినబడింది. "వేలు చూపించి ప్రశ్న నెంబరు చెబుతున్నావా? ఇద్దరూ కాగితాలు ఇటివ్వండి. లేవండి."

స్వరాజ్యం ఏడుపు లంకించుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మమ్మల్ని హాలు చివర బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ పరీక్షకు పెద్ద, కళ్ళజోడు పెట్టుకున్న ఒక బేగం సాహెబా కూర్చుని ఉంది. కాపీ అని రాస్తే ఈ ఏడే కాదు, వచ్చే రెండేళ్ళు పరీక్షకు కూర్చోనివ్వరు. నా ముప్పై రెండు మంది పిల్లలూ కళ్ళముందు వరసగా కనబడ్డారు.

నడుస్తూ నడుస్తూనే దేవమణిగారికి మనసు కరిగినట్టుంది. దగ్గరికి వంగి, "ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మాయ్? అదైతే చెప్పు, నేను మేడం గారికి నచ్చజెబుతాను" అన్నారు మెల్లగా.

అవును అంటే చాలు. నా పేపరు నాకొచ్చేస్తుంది, స్వరాజ్యం ఏడుపూ ఆగుతుంది, తాత గుట్టూ దాగుతుంది. నోటిదాకా వచ్చింది కూడా. కాని పరీక్ష కోసం దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం నావల్ల కాలేదు. అంతకంటే నిజం చెప్పాలంటే, నేనేం తప్పు చేశానని అబద్ధమాడాలి అన్న పౌరుషం.

"ప్రార్థన గాదు టీచర్. వాక్యం ముడుచుకుంటున్న" అని, ఏ వేలు ఎందుకో చెప్పాను. దేవమణిగారు నా మాటల్ని ఉర్దూలో బేగం సాహెబాకు చెప్పారు.

"ఏ పుస్తకంలో ఉంది ఇది? ఎవరు నేర్పారు?" అని ఆవిడ ఉర్దూలో నన్నే అడిగింది.

"మా తాత."

దేవమణిగారి మొహం మళ్ళీ బిగిసింది. "చిన్నప్ప గారా? అంత చదువుకున్న పెద్దమనిషి చిన్నపిల్లల్లా వేళ్ళు లెక్కపెట్టమని చెబుతారా? ఆయన పేరు చెప్పి తప్పించుకోవాలని చూడకు. ఆయనకు లేని పుస్తకమా?"

అక్కడ నాకు దారి మూసుకుపోయింది. ఆయన పండితుడని నమ్మినంతకాలం నన్ను నమ్మరు. గడియారం వైపు చూశాను. చెట్టు కింద నల్లకోటుతో ఎదురుచూస్తున్న మనిషి గుర్తొచ్చాడు.

"మా తాతకు చదవడం రాదు టీచర్" అన్నాను. "ఒక్క అక్షరం రాదు. అందుకే వేళ్ళు. ముప్పై ఏండ్లు గిట్లనే చెప్పిండు, కోటు ఎనక చేతులు పెట్టుకొని."

దేవమణిగారు ఆ మాటలు కూడా ఉర్దూలో చెప్పారు. బేగం సాహెబా బల్ల మీదున్న ఇంగ్లీషు పత్రిక తీసుకుని, వెతికి వెతికి ఒక వాక్యం చదివింది, ఒక్కసారే. ముందురోజు సాయంత్రం వానలో తడుస్తూ ఇల్లు చేరిన ముసలి టాంగావాడు, తన బండిలో ఎవరో మరిచిపోయిన గొడుగును తెల్లవారగానే పోలీసు చౌకీలో అప్పగించాడు. నేను అందరి ఎదుటా వేళ్ళు ముడిచాను. వానలో తడిసిన చుట్టాన్ని బొటన వేలికి, మరిచిపోయిన చుట్టాన్ని నడిమి వేలికి అప్పజెప్పాను. తర్వాత ఒక్కొక్క వేలే తెరుస్తూ భాగాలు చెప్పి, తెలుగు చెప్పి, "అప్పగించాడు" అని చూపుడు వేలు ఆఖరున తెరిచాను.

బేగం సాహెబా పత్రిక కింద పెట్టి తన చేయి చూసుకుంది. ఒక్కో వేలే ముడిచి, ఒక్కో వేలే తెరిచింది. "మా ఉర్దూలో కూడా ఇంతే. పని ఆఖరికే వస్తుంది" అని తనలో తాను అనుకుని, మా కాగితాలు మాకిచ్చేసింది. పోయిన పావుగంట వీళ్ళిద్దరికీ కలిపి ఇవ్వండని చెప్పింది. ఆ పావుగంటలో చుట్టాలందరినీ సర్దేశాను. బయటికొచ్చాక స్వరాజ్యం కళ్ళు తుడుచుకుంటూ నా వెంటపడింది, "అక్కా, నడిమి వేలు దేనికో జర చెప్పవా?" అని.

తాత చెట్టు కిందే ఉన్నాడు. మంచిగా రాశానని చెబితే మొహం విప్పారింది. దాచి లాభం లేదని, నడుస్తూ నడుస్తూ జరిగిందంతా చెప్పేశాను. తాత నడక ఆగింది.

"దేవమణి టీచరమ్మ ముంగట్నా?"

"ఆ, తాతా."

"నన్ను బజార్ల నిలవెట్టినవ్" అన్నాడు. అంతే. అమీర్‌పేట చేరేదాకా నాకు పది అడుగుల వెనకే నడిచాడు.

తర్వాత రెండు ఆదివారాలు మోకాళ్ళ నొప్పులని చర్చికి రాలేదు. కోటు మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. నేను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదా అని ఆలోచించాను. బాగుండేది కాదు. కాని నిజం చెప్పినందుకు నాకు సంతోషమూ లేదు. ఇంట్లో గిన్నెల మీద, తలుపుల మీద నా కోపం చూపించాను. ఆయన మీద చూపించడానికి మొహం లేదు.

మూడో ఆదివారం ఆరాధన అయ్యాక దేవమణిగారే మా ఇంటికొచ్చారు. తాత లోపలి గదిలోకి వెళ్ళబోయి, దారి లేక ఆగిపోయాడు.

"చిన్నప్ప గారూ, రెండు వారాలైంది మీరు కనపడి. ఒంట్లో బాగుందా?" అన్నారు, ఎప్పటిలాగే చేతులు జోడించి. పిల్లల సంగతులు, ఎండల సంగతులు మాట్లాడారు. ఆ సంగతి ఎత్తలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "మా క్లాసు పిల్లలు పెద్ద వాక్యం వస్తే తడబడిపోతున్నారండీ. బొటన వేలు, చూపుడు వేలు నేనే చెప్పుకొచ్చాను. చుట్టాల దగ్గర చిక్కుపడ్డాను. మీరొకసారి చెప్పాలి. ఇది ఎక్కడ నేర్చుకున్నారని పిల్లలు అడిగారు, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు."

తాత నేల చూపులు చూస్తూనే పీట వాల్చాడు.

"కూసోండి అమ్మా" అన్నాడు. "చుట్టాల సంగతి ఒక్కసారికి తేలది."

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం శాంతిరాజు పాస్టరుగారు పత్రిక పట్టుకుని సైకిలు మీద వచ్చారు. నా నెంబరు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే వేలు పెట్టి చూపించారు. ఉంది! మంగవ్వను పిలిచి చెబితే, "గా మంత్రం పారిందన్నమాట" అని మెటికలు విరిచి దిష్టి తీసింది. పాస్టరుగారు వెళ్తూ వెళ్తూ, "ఆదివారం సాక్ష్యం చెప్పాలి తబితా. ఇంగ్లీషులో పాసైనదానివి, ఇంగ్లీషులోనే చెప్పు. తెలుగు చెప్పడానికి చిన్నప్ప గారు ఉండనే ఉన్నారు" అన్నారు.

మేలు జరిగినవాళ్ళు లేచి అందరి ముందూ కృతజ్ఞత చెప్పుకోవడం మా చర్చిలో ఆనవాయితీ. ఆ ఆదివారం తాత కోటు దులిపి వేసుకున్నాడు. పేరు పిలవగానే నేను ముందుకు వెళ్ళాను. తాత మూడేళ్ళ తర్వాత తన పాత చోటికి, ప్రసంగ వేదిక ఎడమ పక్కకు నడిచి వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి వెళ్ళాయి.

రెండు రోజులు ఆలోచించి ఒకే ఒక్క వాక్యం కూర్చుకున్నాను. ఆయన గుట్టు రెండోసారి నా నోట రాకూడదని ఒక్కో మాటా తూచి పెట్టుకున్నాను. మూడోసారి రాసిన పరీక్షలో, మా తాత నేర్పిన పాఠం వల్ల నేను పాసయ్యాను. ఇంగ్లీషులో నేను చెప్పింది ఇంతే. చెప్పి ఆగాను.

తాత చేతులు మెల్లగా కోటు వెనకనుంచి ముందుకు వచ్చాయి. గుండీల దగ్గర, అందరికీ కనబడేలా, ఒక్కో వేలే ముడిచాడు. వెనక బెంచీలో పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. ఎడమచేత్తో ఆ వాక్యంలోని చుట్టాన్ని, అంటే తననే పట్టుకుని, వేళ్ళు తెరవడం మొదలుపెట్టాడు.

"మూడోసారి రాసిన పరీక్షలో," అన్నాడు ఆ పాత ప్రసంగపు గొంతుతో. "అక్షరం ముక్క రాని మా తాత, వేళ్ళ మీద నేర్పిన పాఠం వల్ల,"

నేను గిరుక్కున తిరిగాను. "తాతా, నేనట్ల అనలే" అన్నాను గొంతు తగ్గించి.

"నువ్వు అనలే. నేను కలిపిన" అన్నాడు అంతకంటే మెల్లగా. చూపుడు వేలు ఇంకా ముడిచే ఉంది. జనం వైపు తిరిగి, "నేను" అని బొటన వేలు, "పాసయ్యాను" అని చూపుడు వేలు తెరిచాడు.

ముప్పై ఏళ్ళు ఆయన వెనక ఏముందో తెలియనివాళ్ళు ఆ రెండు చేతులనూ చూస్తూ ఉండిపోయారు. ముందుగా దేవమణిగారు ఆమెన్ అన్నారు. తర్వాత అందరూ అన్నారు. నాకు కళ్ళు కనబడలేదు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా తాతను సాధించాను. ముప్పై ఏళ్ళు ఒక్క మాట కలపలేదని చెప్పుకున్న మనిషివి, నా వాక్యమే దొరికిందా నీకు చెడగొట్టడానికి, అని.

"రెండుసార్లు కలిపిన బిడ్డా" అన్నాడు తాత. "అప్పుడు కలిపింది అబద్ధం. గిప్పుడు కలిపింది నిజం. ఇగ ఫికర్ లేదు." చేతులు ఊపుకుంటూ నా ముందు నడిచాడు. బండ దగ్గరికొచ్చాక ఆగి, రేపు బడి తెరవగానే నీ పిల్లలకు ఏ వేలితో మొదలుపెడతావని అడిగాడు.